మూత తెరవని గీత

ఒంటిగంటా పదిహేను అయింది. ఆపరేషన్ నాలుగింటికి. మూడున్నరలోగా ఒక కాగితం తీసుకెళ్లి సర్జన్ చేతిలో పెట్టాలి. పెట్టలేకపోతే మా పిచ్చుక బతుకుతుందో లేదో చెప్పడం ఎవరి తరమూ కాదు.

పిచ్చుక నా చెల్లెలి కూతురు. పదకొండేళ్లది. నిన్న మధ్యాహ్నం బడిలో తల పట్టుకుని కూలబడింది. మెదడులో ఒక రక్తనాళం బుడగలా ఉబ్బి సన్నగా కారుతోందన్నారు. ఇవాళే తల తెరిచి దానికి క్లిప్పు బిగించాలట, రేపటిదాకా ఆగితే పగిలిపోతుందట. ఇంతవరకూ నాకు అర్థమైంది. అర్థం కాని గొడవంతా రక్తంతో వచ్చింది. పిచ్చుకకి చిన్నప్పటినుంచీ చీటికీ మాటికీ ముక్కులోంచి రక్తం కారేది. రక్తాన్ని ఆపే ప్లేట్‌లెట్లు లెక్కకి సరిపడా ఉన్నాయి గానీ, అవి పని చేస్తున్నాయో లేదో ఎవరికీ తెలియదు. అది తేల్చమని సర్జన్ పొద్దున్న ఎనిమిదీ పదికి తీసిన రక్తాన్ని పక్క వీధిలోని పరిశోధన సంస్థకి పంపాడు.

అక్కడి ల్యాబు నుంచి రెండు జవాబులు వచ్చాయి. పదీ యాభైకి, ఆ ల్యాబులో లెక్కలు చేసే మాస్టారు సర్జన్ ఫోనుకి మెసేజ్ పెట్టాడు. "ప్లేట్‌లెట్లు ఎక్కించకుండా కత్తి పెట్టకండి. రెండో మెట్టు లేదు. కాగితం తెస్తున్నాను." పదకొండున్నరకి ల్యాబు పేరు మీద అసలు రిపోర్టు వచ్చింది. ప్లేట్‌లెట్లు మామూలుగా పని చేస్తున్నాయని అందులో ఉంది. పదకొండూ నలభైకి మాస్టారు సంస్థ మెట్ల మీంచి పడ్డాడు. ఇప్పుడు పిచ్చుక ఉన్న ఆస్పత్రిలోనే, రెండంతస్తుల కింద, స్పృహ లేకుండా ఉన్నాడు. తెస్తానన్న కాగితం ఎవరికీ దొరకలేదు.

"ఈ తర్జనభర్జన ఎందుకండీ, ఆ ప్లేట్‌లెట్లేవో ఎక్కించేయండి" అన్నాను సర్జన్‌తో. ఆయన ఓపిగ్గానే చెప్పాడు. మంచి ప్లేట్‌లెట్లున్న పిల్లకి ఇంకా ఎక్కిస్తే, ఇప్పటికే ముడుచుకుపోయిన నాళాల్లో గడ్డకట్టి సగం మెదడు చచ్చిపోవచ్చు. పని చేయని పిల్లకి ఎక్కించకపోతే బల్ల మీదే రక్తమంతా పోతుంది. పోనీ మళ్లీ పరీక్ష చేద్దామంటే, తొమ్మిదింటికి మొదలుపెట్టిన మందు ఆ పరీక్షని ఒక రోజంతా పాడుచేస్తుంది.

"మూడున్నర దాకా చూస్తాను. మాస్టారి మాటకి ఆధారం చూపిస్తే మాస్టారినే నమ్ముతాను. లేకపోతే సంతకం ఉన్న రిపోర్టు ప్రకారం పోతాను" అన్నాడు.

మా చెల్లి నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఊళ్లో వాళ్ల గొడవలన్నీ తేలుస్తావు. ఇదొక్కటి తేల్చు" అంది. దాని మొహం చూడలేక వచ్చేశాను.

నాకు పుట్టుకతోనే ఓపిక తక్కువ. పద్దెనిమిదేళ్లు బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టి, ఆ ఉన్న కాస్తా అరగదీసుకున్నాను. తర్వాత సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాను. అలాంటిదాన్ని, నేల కింద రెండో అంతస్తులో ఉన్న ఆ ల్యాబుకి పరుగున దిగితే, తలుపుకి అడ్డంగా ఇస్త్రీ నిలబడి ఉన్నాడు.

ఇస్త్రీ అంటే మనిషే. బీమా కంపెనీలో నా పక్క కుర్చీవాడు. వాడి చొక్కా నలగడం ఎవరూ చూడలేదు కాబట్టి ఆ పేరు. నాకంటే ఆరు నెలలు చిన్నవాణ్నని చెప్పుకుని నన్ను అక్కయ్యా అంటాడు, ఒళ్లు మండించడానికి. పరువు పోయే పని ఏదైనా జరిగితే చడీచప్పుడు లేకుండా సర్దడానికి ఈ సంస్థ వాణ్ని పెట్టుకుంది.

"అక్కయ్యా, ఇది మూసేసిన గది. లోపలికి వీల్లేదు."

"తెరువు."

"కేసు అయిపోయింది. టెక్నీషియన్ పిల్ల రెండు రక్తాలు తారుమారు చేసింది. మాస్టారు వేరేవాళ్ల రక్తం చూసి కంగారుపడి మెసేజ్ పెట్టాడు. ల్యాబు హెడ్ గారు తప్పు పట్టుకుని సరైన రిపోర్టు పంపారు. మాస్టారు హడావిడిగా ఎక్కుతూ కాలు జారాడు. ఆ పిల్ల ఒప్పుకుని రాసిస్తే మనం చేతులు దులుపుకోవచ్చు."

"రాసిచ్చిందా?"

"రాస్తుంది."

"గంట నుంచీ కూర్చోబెట్టావు. నీ చేతిలో పడ్డవాళ్లు పావుగంటలో రాసేస్తారు. ఈ పిల్ల ఎందుకు రాయలేదో ఒక్కసారైనా ఆలోచించావా?"

ఇస్త్రీ తాళంచెవి జేబులోకి తోసుకున్నాడు.

"లోపల ఉన్నది నా చెల్లెలి కూతురి రక్తంరా" అన్నాను. వాడు నా మొహంలోకి చూసి, తాళం తీశాడు.

"పది నిమిషాలు. నా ఎదురుగా."

టెక్నీషియన్‌కి పాతికేళ్లుంటాయి. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి. ముందు తెల్ల కాగితం, పక్కన పెన్ను. పెన్ను మూత కూడా తీయలేదు. నేనెవరో, ఎందుకు వచ్చానో చెప్పాను.

"ఇవాళ ఈ ల్యాబుకి ఎంతమంది రక్తం వచ్చింది?"

"ఒక్క పాపదే మేడమ్."

ఇస్త్రీ వైపు తిరిగాను. "ఒక్కటే వస్తే దేనితో తారుమారయింది?"

"నిన్నటిది ఒకటుందట" అన్నాడు.

ఆ పిల్లకి మొదటిసారి కోపం వచ్చింది. "నిన్నటిది నిన్ననే పారేశాను సార్. ప్లేట్‌లెట్లు తీసిన నాలుగైదు గంటలే పనికొస్తాయి. నిన్నటి రక్తం పెడితే ఇవాళ ఏ గీతా రాదు. ఆ మాట మీకు మూడుసార్లు చెప్పాను, మీరు రాసుకోలేదు."

"నాకు చెప్పు, నేను రాసుకుంటాను. రక్తం ఎప్పుడొచ్చింది?"

"తొమ్మిదీ ఇరవై. ప్లేట్‌లెట్లు వేరుచేసి, రంగు పట్టించి, పదిన్నరకి మెషీన్‌లో పెట్టాను. పది నిమిషాలు నడిచింది. మాస్టారు నా పక్కనే ఉన్నారు."

"ఆ పది నిమిషాల్లో ఏం చూస్తారు? నేను డాక్టర్ని కాదు, నాకు తెలిసేలా చెప్పు."

ఆమె ముక్కు తుడుచుకుని చెప్పింది. ప్లేట్‌లెట్ లోపల కాల్షియం దాచుకున్న చిన్న గోదాం ఒకటుంటుంది. గాయం అయిందని కబురు రాగానే ఆ గోదాం తెరుచుకుంటుంది. అది మొదటి మెట్టు. గోదాం ఖాళీ అయిందని తెలియగానే బయటి గోడలో తలుపులు తెరుచుకుని, చుట్టూ ఉన్న కాల్షియం లోపలికి దూరుతుంది. అది రెండో మెట్టు. రెండో మెట్టు ఎక్కిన ప్లేట్‌లెట్లే ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని గాయం మీద నిలుస్తాయి. కాల్షియం తగిలితే మెరిసే రంగు ముందే పట్టిస్తారు కాబట్టి, ఆ మెరుపు ఎంత పెరిగిందో మెషీన్ గీతగా గీస్తుంది. అరవయ్యో సెకనుకి మూత తీసి, గాయమైందని నమ్మించే మందు వేస్తారు. మూడువందలో సెకనుకి మళ్లీ మూత తీసి కాల్షియం వేస్తారు.

"పాప గీతలో ఏమైంది?"

"మొదటిది కొంచెం లేచింది. రెండోది అసలు లేదు మేడమ్. మాస్టారు తెర దగ్గరికి వంగి రెండుసార్లు చూశారు. తర్వాత మెసేజ్ పెట్టడానికి పైకి పరిగెత్తారు. పదకొండింటికి నన్ను తినేసి రమ్మన్నారు. నేను వచ్చేసరికి మాస్టారు మెట్ల కింద ఉన్నారు."

"మరి ఈ రిపోర్టు ఏమిటి?" సర్జన్ ఇచ్చిన రిపోర్టు నకలు ఆమె ముందు పెట్టాను. దాన్ని అప్పటిదాకా ఎవరూ ఆమెకి చూపించనేలేదు. అందులో గీత చక్కగా రెండు మెట్లెక్కి, సన్నగా వణుకుతూ పైనే నిలబడి ఉంది.

ఆమె కాగితాన్ని దగ్గరికి పెట్టుకుంది, దూరం పెట్టింది, మళ్లీ దగ్గరికి తెచ్చుకుంది.

"ఇది నేను తీసిన గీత కాదు. అసలు మెషీన్ తీసిన గీతే కాదు."

"ఎలా చెప్పగలవు?"

"ముళ్లు లేవు. మందు వెయ్యాలంటే మెషీన్ మూత తెరవాలి కదా. తెరిచినప్పుడు గదిలో ఉన్న గుడ్డి దీపం వెలుతురు లోపల పడుతుంది. గీత ఒక్కసారి నిటారుగా లేచి పడిపోతుంది. దాన్ని మేం ముల్లు అంటాం. ప్రతి గీతలో రెండు ముళ్లుంటాయి. ఎంత జాగ్రత్తగా చేసినా ఉంటాయి."

ఇస్త్రీ అడ్డుపడ్డాడు. "మాస్టారు శుభ్రం చేసి పెట్టుంటాడు."

"చేస్తారు. లెక్కలకి ఇచ్చేముందు ముళ్లు కోసేస్తారు. కోసిన చోట రెండు మూడు సెకన్లు ఖాళీ ఉంటుంది. ఇందులో ఖాళీ కూడా లేదు చూడండి. మూత తెరవకుండా లోపలికి కాల్షియం ఎలా వెళ్లింది సార్?"

ఇస్త్రీ వంగి చూశాడు. నేనూ చూశాను. మొదటి సెకను నుంచి చివరిదాకా గీత ఎక్కడా తెగలేదు.

"అయితే దీన్ని గీసిందెవరు?"

ఆమె తలుపు వంక చూసి గొంతు తగ్గించింది. "మోడల్. కంప్యూటర్‌లో ప్లేట్‌లెట్‌ని లెక్కలతో కట్టారు. గోదాం ఎంత, తలుపులెన్ని, ఎంత వేగంగా తెరుచుకుంటాయి, అన్నీ అందులో సమీకరణాలే. మనిషి వివరాలిస్తే గీత ఎలా రావాలో అది ముందే గీసి చూపిస్తుంది. నిజం గీతలా కనిపించడానికి ఆ వణుకు కూడా కలపొచ్చు."

"అది నడపడం ఎవరికి తెలుసు?"

"మాస్టారికి. హెడ్ గారికి."

సరిగ్గా అప్పుడు హెడ్ గారే వచ్చారు. అరవై దాటిన మనిషి. మెత్తటి మాట, మెత్తటి చెప్పులు. ఒంటిగంటా నలభై అయింది.

"ఈవిడెవరు?" అన్నారు ఇస్త్రీతో.

"పాప పెద్దమ్మని" అన్నాను ఇస్త్రీ నోరు తెరవకముందే. "మీరు కష్టపడి తప్పు పట్టుకున్నారట, మీకు దణ్ణం పెట్టి పోదామని వచ్చాను. ఒక్క చిన్న సందేహం. మా పాప రక్తం ఇంకా మిగిలి ఉందా? ఈ పిల్ల దాన్ని బల్ల మీద వదిలేసి తినడానికి పోయిందట."

టెక్నీషియన్ ఏదో అనబోయింది. బల్ల కింద ఆమె కాలు తొక్కాను.

"ఉందమ్మా. కంగారుపడకండి" అన్నారు హెడ్. "వీళ్లకి బాధ్యత ఉండదు. పాడైపోతుందని నేనే స్వయంగా తీసి ఫ్రిజ్‌లో పెట్టాను."

ఆ పిల్ల రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "ఫ్రిజ్‌లోనా సార్? ప్లేట్‌లెట్లని చల్లబరిస్తే చచ్చిపోతాయి సార్. గది వేడిలో ఉంచి ఊపుతూ ఉండాలి. మొదటి రోజు చేరినవాళ్లకి కూడా తెలుసు."

హెడ్ తెల్లమొహం వేశారు. ముప్ఫై ఏళ్లు ప్లేట్‌లెట్ల మీద పుస్తకాలు రాసిన మనిషి, ఒక్కసారైనా వాటిని చేత్తో ముట్టుకున్నట్టు లేదు.

"ఎన్నింటికి పెట్టారు సార్?" అన్నాను.

"పదకొండుంబావు అయుంటుంది."

"ఇస్త్రీ, ఇందాక ఈయన నీకేం చెప్పారు?"

ఇస్త్రీ జేబులోంచి చిన్న పుస్తకం తీసి పేజీ తిప్పాడు. చదువుతుంటే వాడి గొంతు మారింది. "మాస్టారు పడ్డ కబురు విని పన్నెండింటికి ల్యాబులోకి వచ్చానన్నారు. అంతకుముందు అడుగుపెట్టలేదన్నారు."

హెడ్ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. దబాయిస్తారనుకున్నాను. ఆయన నాకు పాఠం చెప్పడం మొదలుపెట్టారు.

"చూడండమ్మా. రెండువందల పన్నెండుమంది. ఒక్కరి విషయంలో కూడా నా మోడల్ తప్పు చెప్పలేదు. మీ పాప వివరాలు పొద్దున్నే ఇచ్చాం. రెండు మెట్లూ ఉంటాయని చెప్పింది. తర్వాత ఈ అమ్మాయి చేత్తో తీసిన గీతలో రెండోది లేదు. ఎవరిని నమ్మాలి? చేతులు వణుకుతాయి, మందు తక్కువ పడుతుంది, కాల్షియం వెయ్యడం మర్చిపోతారు. సమీకరణం మర్చిపోదు. నేను అబద్ధం పంపలేదు. సరిగ్గా తీసి ఉంటే ఎలా వచ్చేదో అది పంపాను."

నా చెయ్యి లేచింది. ఎందుకు దించుకున్నానో ఇప్పటికీ తెలియదు. ఆయన మొహంలో దొంగతనం లేదు. నమ్మకం ఉంది. బీమా కంపెనీలో వందలమంది దొంగల్ని చూశాను, ఎవరికీ ఇంత భయపడలేదు.

"మీ రెండువందల పన్నెండుమందిలో మా పిచ్చుక లాంటి పిల్ల ఎంతమంది?"

"అలాంటి లోపం చాలా అరుదు. మా జాబితాలో ఒక్కరూ లేరు."

"చూడనిదాన్ని మీ మోడల్ ఎలా చెబుతుంది సార్?" అంది టెక్నీషియన్. ఆమె ఇంక ఏడవడం లేదు. "తలుపులన్నీ పని చేస్తాయనుకునే కదా సమీకరణం రాశారు. తలుపులే లేని పాపకి కూడా అది తలుపులు పెట్టేస్తుంది."



"మాస్టారి సంగతేమిటి?" అన్నాడు ఇస్త్రీ. మొదటిసారి వాడి మాటలో గారు లేదు, సారు లేదు.

"నేను తోయలేదు. ఆస్పత్రికి బయల్దేరితే మెట్ల మీద ఆపాను. మళ్లీ తీద్దాం, కాస్త ఆగమన్నాను. మందు మొదలెట్టారు, మళ్లీ తీయడం కుదరదన్నాడు. బ్యాగు పట్టుకున్నాను. లాక్కున్నాడు. పట్టీ తెగింది." ఆయన తన అరచెయ్యి చూసుకున్నారు. "పడతాడనుకోలేదు."

"బ్యాగులో కాగితం?"

"చింపేశాను. కంప్యూటర్‌లో ఫైలు కూడా తీసేశాను. తప్పుడు గీత అది. ఎవరైనా చూస్తే పాపకే ప్రమాదమని."

"సర్జన్‌కి ఈ మాటలు మీరే చెబుతారు. లేవండి."

"రిపోర్టు నేను తయారు చేశానని చెబుతాను. కానీ పాప ప్లేట్‌లెట్లు పని చేయవని మాత్రం చెప్పను. నా మోడల్ సరైనదే."

బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నారు. రిపోర్టు దొంగదని తేలింది. దాంతో సర్జన్ చేతిలో ఏం మిగులుతుంది? స్పృహ లేనివాడు పెట్టిన మెసేజ్ ఒకటి. కాగితం అడిగినాయనకి నోటిమాట తీసుకెళ్లి, ఏది ఎక్కించాలో మీరే చూసుకోండి అనాలా?

"అక్కయ్యా, ముందు పైకెళ్లి ఫోన్ చెయ్యి" అన్నాడు ఇస్త్రీ. "ఇక్కడ సిగ్నల్ రాదు. రిపోర్టు నమ్మొద్దని చెప్పు చాలు."

నేను వెళ్లబోయాను. మెట్టు మీద కాలు కూడా పెట్టాను. అప్పుడు టెక్నీషియన్ అంది, "మేడమ్, మెషీన్ గుర్తుపెట్టుకుని ఉండొచ్చు."

"ఏమిటీ?"

"అది పాత మెషీన్. కంప్యూటర్ తగిలించకముందు కొన్నది. చివరగా తీసిన ఐదు గీతలు దాని లోపలే ఉంటాయి. దానికి సొంతంగా చిన్న ప్రింటరు కూడా ఉంది. హెడ్ గారికి ఆ సంగతి తెలియదు. ఎప్పుడూ మెషీన్ ముట్టుకోరు కాబట్టి."

గడియారం చూశాను. ఒంటిగంటా యాభై. "ఎంతసేపు పడుతుంది?"

"సార్ వాళ్లు గది మూసినప్పుడు మెషీన్ ఆపేశారు. దాని దీపం వేడెక్కితే గానీ దేనికీ జవాబివ్వదు. అరగంట. లోపలి బ్యాటరీ బతికుంటేనే."

"ఫోన్ చేసి రా" అన్నాడు ఇస్త్రీ మళ్లీ.

"మూడున్నర దాకా టైముంది. వట్టి మాట చెప్పి ఆయన్ని గందరగోళంలో పెట్టడం కంటే కాగితంతోనే పోతాను. ఈయన్ని ఈ పిల్ల దగ్గర వదిలి నేను కదలను" అన్నాను. నాకు ఎవరి మీదా నమ్మకం లేదు, ఇస్త్రీ మీద కూడా. ఆ క్షణంలో అది తెలివైన పనే అనిపించింది.

లోపలి చీకటి గది నాలుగడుగుల వెడల్పు. ఒక మూల గుడ్డి దీపం, బల్ల మీద బూడిద రంగు పెట్టె, దాని నెత్తిన నల్లటి మూత. మూత అంచులు వేళ్లు తగిలి తగిలి అరిగిపోయాయి. పక్కన ఊపే పళ్లెం ఖాళీగా అటూ ఇటూ ఊగుతూనే ఉంది, ఎవరూ ఆపలేదు. టెక్నీషియన్ స్విచ్ వేసింది. పెట్టె గురకపెట్టినట్టు మూలిగింది.

కూర్చోలేకపోయాను, నిలబడలేకపోయాను. ఇస్త్రీ గుమ్మంలో నిలబడి హెడ్‌ని కనిపెట్టుకుని ఉన్నాడు. పది నిమిషాలకి ఒకసారి టెక్నీషియన్ మీట నొక్కి తల అడ్డంగా ఊపింది. ఇరవై నిమిషాలకి మళ్లీ నొక్కింది. ఏమీ లేదు. ఏ దేవుడికి మొక్కానో కూడా గుర్తులేదు. అందరికీ మొక్కినట్టున్నాను.

రెండూ ఇరవై ఆరుకి పచ్చటి అక్షరాలు వెలిగాయి.

చేతివెడల్పు కూడా లేని రోల్ కాగితం కిర్రుమంటూ బయటికి రాసాగింది. మొదటిది మొన్నటిది. రెండు ముళ్లు, రెండు మెట్లు. తర్వాతవి మూడు నిన్నటివి. ముళ్లు, మెట్లు. ఐదోది రావడానికి ముందు ప్రింటరు ఆగింది. టెక్నీషియన్ దాని పక్కన అరచేత్తో కొట్టింది. మళ్లీ కదిలింది.

దాని పైన ఇవాళ్టి తేదీ ఉంది, పదీ ముప్ఫై ఒకటి అని టైము ఉంది. అరవై దగ్గర ముల్లు, దాని వెనక చిన్న గుట్ట. మూడువందల దగ్గర ముల్లు. ఆ ముల్లు తర్వాత గీత నేలబారుగా పోయింది, కాగితం చివరి అంగుళంలో మాత్రం ఇంకో ముల్లు ఉంది.

హెడ్ లేచి వచ్చి చూశారు. "కాల్షియం వెయ్యడం మర్చిపోయి ఉంటుంది" అన్నారు, తనలో తాను అనుకున్నంత మెల్లగా.

"మర్చిపోలేదు సార్" అంది టెక్నీషియన్. ఆమె వేలు కాగితం చివరి అంగుళం మీద ఉంది. "రెండో మెట్టు రాకపోతే చివర్లో మళ్లీ మూత తీసి ప్లేట్‌లెట్లని పగలగొట్టే మందు వేస్తాం, లోపలి రంగుకి తగలడానికి బయట కాల్షియం ఉందో లేదో తెలియడానికి. చూడండి, ఇక్కడ ఎలా ఎగిసిందో. బయట కాల్షియం నిండా ఉంది. పాప ప్లేట్‌లెట్లే దాన్ని లోపలికి రానివ్వలేదు."

హెడ్ గోడకి ఆనుకున్నారు. ఆయన్ని చూసే తీరిక నాకు లేదు. కాగితం చింపుకుని, టెక్నీషియన్ చెయ్యి పట్టుకుని మెట్లెక్కాను. ఒక్క నిమిషం సంతోషించాను, అది దాచుకోను. ఇంకా గంట టైముంది, కాగితం చేతిలో ఉంది, ఆస్పత్రి పక్క వీధిలో ఉంది.

పైమెట్టు ఎక్కగానే జేబులో ఫోను ఆగకుండా కొట్టుకుంది. చెల్లి నుంచి తొమ్మిది మిస్డ్ కాల్స్. మొదటిది ఒంటిగంటా యాభై ఎనిమిదికి. కింద మెసేజ్.

"అక్కా, పిచ్చుకకి మళ్లీ కారుతోందట. నాలుగింటిదాకా ఆగలేమంటున్నారు. ప్లేట్‌లెట్లు ఎక్కించాలా వద్దా, మీ అక్క ఏమైనా చెప్పిందా అని సర్జన్ అడుగుతున్నారు. నువ్వు ఎత్తట్లేదు. ఏమైనా తేడా ఉంటే ఈపాటికి నువ్వే చేసేదానివి కదా. రిపోర్టు ప్రకారమే చెయ్యమని సంతకం పెట్టేశాను. రెండూ పదికి లోపలికి తీసుకెళ్లారు."

అప్పుడు రెండూ ముప్ఫై ఆరు.

వీధిలో పరిగెడుతూనే చెల్లికి చేశాను. ఒక్క రింగుకే ఎత్తింది. "తలుపు కొట్టు" అన్నాను. "ఏమీ అడక్కు. థియేటర్ తలుపు కొట్టు. ఎవరొస్తే వాళ్లకి ఫోనివ్వు." అది తలుపు బాదడం వినిపించింది. ఎవరో కసురుకున్నారు. చెల్లి ఇంకా బాదుతూనే ఉంది. చివరికి ఒక మగ గొంతు పలికింది, "మత్తు డాక్టర్ని. ఏమిటమ్మా ఇది?"

నేను చెప్పబోతే ఊపిరి అందలేదు. టెక్నీషియన్ నా చేతిలోంచి ఫోను లాక్కుని స్పీకర్ ఆన్ చేసింది. పరుగు ఆపకుండానే ఆ కాగితంలో ఉన్నదంతా, సెకన్లతో సహా, ఒక్క మాట వృథా చేయకుండా చెప్పింది. పాతికేళ్ల పిల్ల. గంట కిందట పెన్ను మూత తీయలేక ఏడ్చిన పిల్ల.



"అందుకా" అన్నాడు డాక్టరు. "పావుగంటగా ఎక్కడ అదిమినా ఆగట్లేదు. మా చేతుల్లోనే ఏదో లోపమనుకుంటున్నాం." తర్వాత ఆ గొంతు లోపలికి తిరిగింది. "ప్లేట్‌లెట్లు. ఉన్నవన్నీ తెప్పించండి. ఎంతసేపు?" ఇంకెవరో దూరం నుంచి జవాబిచ్చారు, ఇరవై నిమిషాలని. తలుపు మూసుకున్న చప్పుడైంది.

ఫోను మళ్లీ చెల్లి చేతికి వచ్చింది. దాని ఊపిరి వినపడుతోంది. ఆస్పత్రి గేటు నాకు ఎదురుగానే ఉంది, కాళ్లు మాత్రం ఎంతకీ అక్కడికి చేరడం లేదు.

"అక్కా" అంది. "నేను పెట్టిన సంతకం తప్పా?"